నీడలో కూర్చున్నవారూ వరుసలోనివారే

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూన్ నెల పన్నెండవ తేదీ, సోమవారం, ఉదయం పది గంటలకు ఆమె పురపాలక కార్యాలయంలోని ఎన్నికల విభాగంలో గుమాస్తాగా చేరారు. ఆ సాయంత్రం ఐదున్నరకు ఇల్లు చేరిన క్షణం నుంచి నేటి వరకు ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదన్నది తమ్ముడి కుటుంబం తరఫున ఈ పదవీ విరమణ సన్మాన సంచికలో దాఖలవుతున్న మొట్టమొదటి ఫిర్యాదు. నలుగురుండే ఇంట్లో హాలు గోడలకు ఏ రంగు వేయించాలన్నా, కొత్త బీరువా ఏ గదిలో పెట్టించాలన్నా ఆమె నాలుగు చీటీలు కత్తిరించి, పాత బిస్కెట్ డబ్బా మూతకు గాటు పెట్టి, రహస్య ఓటింగ్ జరిపించవలసిందే. లేతపచ్చ రంగుకు పడిన ఏకైక ఓటు తమ్ముడిదని ఆ గోడలకు కూడా తెలుసు. అయినప్పటికీ అది ఎవరిదని ఎవరూ ఎవరినీ అడగరాదని ఆమె శాసించారు. "నాదే అక్కా, ఇందులో దాచుకోవడానికేముంది" అన్న పాపానికి ఆ తమ్ముడు ఓటు గోప్యతపై అరగంట పాఠం విన్నారు.

ఇటువంటి అభినందన వ్యాసాలను సాధారణంగా సహోద్యోగులు రాస్తారు. ఈ బాధ్యతను ఆమె మరదలికి, అంటే తమ్ముడి భార్యకు, అప్పగించడానికి సంచిక సంపాదకులు చూపిన కారణం సమంజసమే: ఆమె నడిపిన వేసవి పాఠశాలలో ఇరవై రెండేళ్లపాటు పిల్లల వేళ్లకు సిరా గుర్తు పెట్టే పని జీతం లేకుండా చేసిన గృహిణి సహోద్యోగి కాకపోతే మరేమవుతారు? ఆ పనికి మరదలిని ఎంపిక చేసినప్పుడు మాత్రం ఇంట్లో ఓటింగ్ జరగలేదన్నది రెండవ ఫిర్యాదు.

ఉద్యోగ జీవితంలోని తొలి పదేళ్లూ ఓటర్ల జాబితాల మధ్య గడిచాయి. కొత్తగా కాపురానికి వచ్చినవారి పేర్లు చేర్చడం, కాలం చేసినవారి పేర్లు తొలగించడం, ఒకే మనిషి రెండు వీధుల్లో నివసిస్తున్నట్టు కనిపిస్తే విచారించి ఒక వీధికి పరిమితం చేయడం ఆమె నిత్యకృత్యాలు. అక్షరం పొల్లుపోని ఆ జాబితాలను చూసి పై అధికారులు సైతం తమ పేరు సరిగ్గా ఉందో లేదో ఆమెనే అడిగేవారని ప్రతీతి. అయితే ఒకసారి, నిక్షేపంగా బతికి ఉన్న దర్జీ ఒకాయన పేరు మృతుల పట్టికలోకి ఎక్కింది. ఆయన మెడలో టేపుతోనే కార్యాలయానికి వచ్చి, తాను ఉన్నానో పోయానో కాస్త చూసి చెప్పమన్నారు. పొరపాటు తనదేనని గ్రహించిన ఆమె ఆ సాయంత్రంలోపే జాబితా సవరింపజేసి, ప్రతిని స్వయంగా దుకాణానికి తీసుకువెళ్లి అందించారు. దర్జీ సంతోషించి, పొరపాటైందని ఒక్క ముక్క అంటే తన మనసు కూడా కుదుటపడుతుందని మర్యాదగానే అడిగారు. "సరిచేశాను కదండీ" అని ఆమె జవాబిచ్చారు. ఆ తరువాత ఇరవై ఏళ్లపాటు ఆమె బట్టలు ఆ దుకాణం నుంచి పది రోజులు ఆలస్యంగా వస్తూ ఉండేవి.

తప్పును దిద్దడంలో ఆమెకున్న వేగం, తప్పని పలకడంలో ఆమెకున్న సంకోచం, రెండూ ఒకే స్వభావానికి బొమ్మాబొరుసులని కుటుంబం ఆనాడే గుర్తించింది.

రెండు వేల ఒకటిలో ఆమె సీనియర్ గుమాస్తాగా పదోన్నతి పొందారు. ఆ మరుసటి ఎన్నికల్లో, తొలిసారి ఓటేయడానికి వచ్చిన ఒక యువకుడు ముద్ర వేసిన చీటీని శ్రద్ధగా మడిచి, జ్ఞాపకంగా ఉంచుకుందామని జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లిపోయాడు. అతణ్ణి వెనక్కి పిలిచి పెట్టె చూపించిన ఆమె, పద్దెనిమిదేళ్లు నిండాక నేర్పడం ఆలస్యమేనన్న నిశ్చయానికి వచ్చారు. ఫలితంగా రెండు వేల నాలుగు వేసవిలో, కార్యాలయం వెనుక పాత ఫైళ్లు పెట్టే పెద్ద గదిలో, పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల వయసు పిల్లలు నలభై మందితో మూడు వారాల పాఠశాల ప్రారంభమైంది.

మొదటి వారంలో పిల్లలు తమ వీధిలోని ఒక సమస్యను ఎంచుకుని, దానికి ఏ గదిలో ఎవరిని కలవాలో స్వయంగా తిరిగి తెలుసుకునేవారు. మూడు గదులు తిరిగి మొదటి గదికే వచ్చినవారికి పాలన అర్థమైందని ఆమె మెచ్చుకునేవారు. రెండవ వారం సభా నియమాలు. మూడవ వారం అభ్యర్థులు, ప్రచారం, పోలింగ్. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఓటు వేసే మరుగయ్యేది. ముద్ర, సిరా, సీలు వేసిన పెట్టె మాత్రం అసలువాటికి ఏమాత్రం తీసిపోయేవి కావు. గెలిచిన విద్యార్థికి నిజమైన పురపాలక సభలో నిలబడి ఒకే ఒక్క కోరిక కోరే అవకాశం ఉండేది. సభ ఆ కోరికను అదే రోజు తేల్చాలని ఆమె పై అధికారులతో మూడు నెలలు ఉత్తరాలు నడిపి మరీ ఒప్పించారు.

వీటన్నిటికంటే ఆమెకు ప్రాణప్రదమైన పాఠం ఒకటుంది. పోలింగ్ ముగిసే నాలుగు గంటలకు వరుసలో ఉన్న ప్రతి ఒక్కరికీ, ఎంత ఆలస్యమైనా, ఓటు వేసే హక్కు ఉంటుంది. అప్పుడు అధికారి బయటికి వచ్చి, వరుస చివరి మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకు చీటీలు ఇచ్చుకుంటూ రావాలి; అలా చేస్తే తరువాత వచ్చినవారు వెనక చేరలేరు, ముందే వచ్చినవారు నష్టపోరు. ఈ పాఠం చెప్పేటప్పుడు ఆమె గొంతు ఒక మెట్టు పైకి లేచేది. పిల్లలు ఆమెకు 'లైను మేడమ్' అని పేరు పెట్టారు. ఆమె విననట్టు నటించేవారు. ఇంటికి వచ్చి మరదలికి చెప్పి మురిసిపోయేవారు.

రెండు వేల పద్నాలుగు వేసవిలో ఆమె మేనకోడలు, అంటే తమ్ముడి కూతురు, ఇంట్లో అందరూ 'అమ్మడు' అని పిలిచే పదహారేళ్ల పిల్ల, పోటీకి నిలబడింది. గ్రంథాలయం సాయంత్రం ఐదుకు మూసేస్తే బడి నుంచి వచ్చినవాళ్లు చదువుకునేదెప్పుడని, ఎనిమిది దాకా తెరిచి ఉంచమని అడగడం అమ్మడు కోరిక. ఎదుటి అభ్యర్థి గొంతు బలం చేత 'మైకు' అని ప్రసిద్ధుడైన అబ్బాయి. అతని కోరిక మైదానానికి వాలీబాల్ వల. పోలింగ్ నాడు ఎండ నిప్పులు చెరుగుతోంది. నాలుగింటికి పది నిమిషాలుందనగా వరుస చివర నిలబడిన నలుగురు పిల్లలు వాడిపోతుండటం చూసి, అవతలి వైపు వరండా నీడలో కూర్చోమని, వంతు వచ్చినప్పుడు పిలుస్తానని ఆమే చెప్పారు. ఇంతలో సిరా మెత్త ఎండిపోయిందని లోపలి నుంచి కేక వచ్చింది. ఆమె ఆ పని చక్కబెట్టి సరిగ్గా నాలుగింటికి బయటికి వచ్చి, నిలబడి ఉన్నవారిలో చివరి పిల్లవాడి నుంచి చీటీలు పంచేశారు.

నీడలోని నలుగురూ పరుగెత్తుకొచ్చారు. వారిలో బేకరీ ఆయన కూతురు, మిగతావారి కంటే కాస్త నోరున్న పిల్ల, "మీరే కదా మేడమ్ కూర్చోమన్నారు" అంది. చుట్టూ పిల్లలు, వారి తల్లిదండ్రులు, ఇద్దరు ముగ్గురు కార్యాలయ సిబ్బంది చూస్తున్నారు. ఆమె గడియారం వైపు చూశారు, మేనకోడలి వైపు చూశారు, చేతిలో మిగిలిన చీటీల వైపు చూశారు. "లైనులో ఉన్నవాళ్లకే చీటీ" అని లోపలికి వెళ్లిపోయారు. సిరా సీసా పట్టుకుని గుమ్మంలో కూర్చున్న మరదలు ఆ నాలుగు వేళ్లనూ శుభ్రంగానే వెనక్కి పంపవలసి వచ్చింది.

మైకుకు పంతొమ్మిది, అమ్మడుకు పదిహేడు. ఆ నాలుగు ఓట్లు ఎవరికి పడేవో ఎవరికీ తెలియదు. ఎప్పటికీ తెలియకపోవడమే అందులోని బాధ. వల వచ్చింది, మైదానం కళకళలాడింది, గ్రంథాలయం ఐదింటికే మూతపడుతూ వచ్చింది. అమ్మడు ఏడవలేదు, అత్తతో మాటలు మానలేదు. ఆ తరువాత ఇంట్లో జరిగిన ప్రతి ఓటింగులోనూ మడిచిన ఖాళీ చీటీ వేసింది, అంతే. పదకొండేళ్లపాటు ప్రతి లెక్కింపులోనూ అత్త నాలుగు చీటీలు విప్పి, మూడింటిని చదివి, నాలుగవ దాన్ని పక్కన పెట్టి "ఒకటి చెల్లదు" అని ప్రకటిస్తూ వచ్చారు. ఓటు గోప్యతను గౌరవించే ఇల్లు కాబట్టి అది ఎవరిదని ఎవరూ అడగలేదు.

మరుసటి వేసవి పాఠశాల మొదలయ్యేసరికి వరండాలో వీపున అంకెలు రాసిన ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు వెలిశాయి. కుర్చీలో కూర్చున్నవారు వరుసలో ఉన్నట్టే. ముందువారు లేవగానే ఒక్కో కుర్చీ జరగాలి. నాలుగు కొట్టగానే చివరి కుర్చీ నుంచి చీటీలు. ఈ పద్ధతి ఏడాది తిరిగేసరికి అసలు పోలింగ్ కేంద్రాలకు పాకింది. మోకాళ్ల నొప్పులవారు, చంటిపిల్లల తల్లులు ఆమెను దీవించారు. పొరుగు పట్టణాల సిబ్బంది వచ్చి కొలతలు రాసుకువెళ్లారు. రెండు వేల పదహారులో ఆమె విభాగ పర్యవేక్షకురాలిగా పదోన్నతి పొందిన సందర్భాన పై కార్యాలయం పంపిన ప్రశంసాపత్రం, ఈ ఏర్పాటును ఆమె దూరదృష్టికి నిదర్శనంగా కొనియాడింది. ఆ పత్రాన్ని పటం కట్టించి ఇంట్లో తగిలిద్దామని తమ్ముడు ఎంత పోరినా ఆమె వినలేదు. తీసుకువెళ్లి, కుర్చీలు సర్దిపెట్టే చీకటి గదిలో, తలుపు తెరిస్తే తలుపు వెనక్కి పోయే గోడకు మేకు కొట్టించారు.

ఈ వేసవితో ఆమె పాఠశాలకు ఇరవై రెండు వేసవులు నిండాయి; ఈ నెలాఖరుతో ముప్పై ఆరేళ్ల సేవ ముగుస్తున్నది. ఇకపై ఏ ఎండలోనూ నిలబడవలసిన అవసరం లేకుండా, కూర్చున్న కుర్చీలోంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచే మోకాళ్లతో, చిన్న అక్షరాల జాబితాను అద్దాలు లేకుండా చదివి తప్పు పట్టే చూపుతో, ఇంటి ఓటింగుల్లో ఓడిపోయినా మళ్లీ పోటీ చేసే తమ్ముడు పక్కనుండగా, ఆమె దీర్ఘకాలం ఆరోగ్యంగా ఆనందంగా జీవించాలని, తాము వేసే ప్రతి ఓటులోనూ ఆమె పాఠాన్ని తలుచుకునే ఎనిమిది వందల పైచిలుకు విద్యార్థుల పక్షాన, సహోద్యోగుల పక్షాన, సుఖం లేని ఆ ఇంటి పక్షాన ఆకాంక్ష.

వ్యాసం తొలి ప్రతి ఇక్కడితో ముగిసింది. అచ్చుకు వెళ్లే ఏ కాగితమైనా తాను చూడకుండా కదలరాదన్న నియమం ప్రకారం, గత ఆదివారం ఉదయం ఆమె భోజనాల బల్ల ముందు కూర్చుని ఎర్ర పెన్సిలుతో చదివారు. దర్జీ ఆలస్యం వారం రోజులని ఉంటే పది రోజులని దిద్దారు. పోలింగ్ నాటి ఎండ సంగతీ వరండా సంగతీ ఆ ప్రతిలో లేవు. వాలీబాల్ వల తరువాత నేరుగా కుర్చీలే ఉన్నాయి, 'దూరదృష్టి' అన్న మాట ఒకసారి కాదు, మూడుసార్లు ఉంది. మరదలు ఆ మాటను అమాయకంగా రాశారా, కావాలనే రాశారా అన్న చర్చకు ఈ సంచికలో చోటు చాలదు.

మూడవ చోట పెన్సిలు ఆగింది. ఆమె మూడు చోట్లా ఆ మాట కొట్టేశారు. దాని బదులు ఏం రాయమంటారని మరదలు అడిగారు. ఆమె లేచి వెళ్లి కత్తెర, బిస్కెట్ డబ్బా తెచ్చారు. ఆ కుర్చీలు ఎందుకు వచ్చాయో ఉన్నది ఉన్నట్టు సంచికలో వేయాలా వద్దా అన్నది ప్రశ్న. తమ్ముడు పేపరు మడిచి, సన్మానం చేసేవాళ్ల ముందు ఇదెందుకక్కా అనబోయి, ప్రచార సమయం అయిపోయిందని తెలుసుకుని ఊరుకున్నారు. ఆదివారమైనా ప్రయోగశాలలో డ్యూటీకి బయలుదేరబోతున్న అమ్మడు, ఇప్పుడు ఇరవై ఏడేళ్ల ఉద్యోగిని, చెప్పులు విప్పి వచ్చి చీటీ తీసుకుంది.

డబ్బా విప్పారు. మొదటి చీటీ: వేయాలి. రెండవది: వేయాలి. మూడవది, తమ్ముడి కోడిగీతల్లో: వేయాలి. నాలుగవ చీటీని పక్కన పెట్టడానికి అలవాటుగా చాచిన చెయ్యి సగంలో ఆగింది. అందులో రాత ఉంది. ఆమె దాన్ని చదివి, మళ్లీ చదివి, ఎవరిదని అడగకుండా మిగతా మూడింటి మీద పెట్టారు.

"నాలుగుకి నాలుగు" అన్నారు. తరువాత మరదలి వైపు తిరిగి, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకో, చివర్లో పెట్టు అన్నారు. కళ్లు మాత్రం మేనకోడలి మీదే ఉన్నాయి.

"ఆ నలుగురూ లైనులోనే ఉన్నారు అమ్మడూ. నీడలో కూర్చోమన్నది నేనే, మర్చిపోయిందీ నేనే. గుర్తొచ్చాక కూడా పంపలేదు. పోటీలో నువ్వు కాకుండా ఇంకెవరున్నా మారుమాట్లాడకుండా లోపలికి పంపేదాన్ని. మేనకోడలి కోసం చేసిందంటారని భయపడి, వాళ్ల ఓటు తీసేశాను. ఆ బేకరీ పిల్ల అడిగినప్పుడే చెప్పాల్సింది. తప్పు నాదే."