కుర్చీకి కట్టిన కాలు

ఎల్లుండే పరీక్ష. మనవరాలు కుర్చీలో కూర్చుని గంట నుంచి ఒకే పేజీ చూస్తోంది. తాత గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏమే, ఆ పేజీతో ఏమన్నా గొడవా, అలా గుడ్లురుముతున్నావు?”

“బుర్రకెక్కట్లేదు తాతయ్యా. నడుస్తూ పైకి చదివితేనే నాకు గుర్తుంటుంది. నువ్వేమో కుర్చీలోంచి కదలొద్దన్నావు.”

“మీ నాన్నా ఇంతే. వాడు తిరిగిన తిరుగుడికి గచ్చు అరిగి గొయ్యి పడింది. అన్నానికి పిలవాలంటే నిచ్చెన వేసేవాళ్లం!”

“కోతలాపు. మరి నాన్న పదో తరగతి ఎందుకు తప్పాడు?”

“నా వల్లే. కుదురు నేర్పుదామని రోజూ వాడి కాలు తువ్వాలుతో ఈ కుర్చీకే కట్టాను. పరీక్షలయ్యేదాకా.”

“నాన్న ఎప్పుడూ చెప్పలేదే!”

“వాడు చెప్పడు. ఇరవై ఏళ్లుగా ఉత్తరాలు పంచుతూ ఊరంతా నడుస్తున్నాడు. ఏ సందులో ఏ నంబరు ఇల్లుందో గడగడా అప్పజెప్పేస్తాడు. అది విన్నప్పుడల్లా నాకు ఆ తువ్వాలే గుర్తొస్తుంది.”

“అందుకేనా తాతయ్యా, నాన్న ఎంత అలిసిపోయి వచ్చినా ఈ కుర్చీలో కూర్చోడు?”

తాత గుమ్మం దాటి వచ్చి కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు.

“లే తల్లీ. మంచినీళ్లు తాగి, నీ ఇష్టమొచ్చినట్టు నడుస్తూ చదువుకో. ఆ కుర్చీలో నేను కూర్చుంటాను.”