గది తెర

ఏమిటే, ఇందాకట్నుంచీ ఆ ఫోటో ముందే నిలబడ్డావు? నేనేలే అది. నమ్మకం కుదరడం లేదా? అప్పట్లో నడుమనేది ఒకటుండేది నాకు. ఏ గది? ఓసి పిచ్చిదానా, అది గది కాదే, గుడ్డ! నాటకంలో వెనకాల దించే తెర. ఆ కిటికీ, కుట్టుమిషను మీద పడుతున్న ఎండ, వంకరగా తగిలించిన అద్దం, అన్నీ బొమ్మే. నువ్వే కాదు, టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళూ అలాగే మోసపోయేవారు. ముందు తెర లేచి ఈ గది కనబడిందా, నేను నోరు విప్పకముందే చప్పట్లు. ఒళ్ళు మండేది నాకు. "చూడన్నయ్యా, నీ గోడకి కొట్టే చప్పట్లు నా ఏడుపుకి కొట్టరేం?" అని దెబ్బలాడేదాన్ని. ఆయన నవ్వుకుంటూ కుంచెలు కడుక్కునేవాడు.

ఎవరంటే, మా నాటకాల కంపెనీలో తెరలకి బొమ్మలు వేసేవాడు. తెరలన్నయ్య అనేవాళ్ళం. మనిషి పొడుగు, మాట మెత్తన. ఆయనకీ, మా కంపెనీ దర్జీకీ... ఎలా చెప్పనే నీకు. ఈ కాలం పిల్లవి, నీకు తెలీనిదేముందిలే. ఒకరంటే ఒకరికి ప్రాణం. స్నేహమా అంటే కాదు, మొగుడూ పెళ్ళాం ఎలా ఉంటారో అలాగ. అందరికీ తెలుసు, ఎవ్వరం పైకి అనం. ఆయనేమో మేడ మీద, ఈయనేమో కింద వేషాల బట్టలుండే గదిలో. ఒక ఇంట్లో ఉండే యోగం లేదు. ఎవరిస్తారే ఇల్లు వాళ్ళకి? ఇస్తే మాత్రం చుట్టుపక్కలవాళ్ళు బతకనిస్తారా? అందుకని గుడ్డ మీద కట్టుకున్నారు ఇల్లు. దర్జీ గుడ్డ అతికి కుట్టిచ్చాడు, అన్నయ్య బొమ్మ వేశాడు. "మిషను కిటికీ పక్కన పెట్టవయ్యా, నాకు చూపానదు" అని దర్జీ అనడం, "సరే మహానుభావా" అని ఆయన చెరిపి మళ్ళీ వేయడం, నేను చెవులారా విన్నాను. దాని ముందు నేనూ, నా మొగుడి వేషం కట్టే ఆ తాగుబోతు వెధవా రోజూ కాపురం చేసేవాళ్ళం. వాళ్ళింట్లో మేము! ఆడవాళ్ళు వచ్చి నా చెయ్యి పట్టుకుని, "అచ్చం మా ఇల్లేనమ్మా" అని కళ్ళొత్తుకునేవారు. అదెవరిల్లో తెలిస్తే తలెత్తి చూసేవారా?

ఆయనొక్కడేనా? మాకు పాటలు కట్టినాయనా అలాంటివాడే. నాకు స్టేజీ మీద నడక నేర్పిన డాన్సు మాస్టారూ అలాంటివాడే. అంతకు ముందు ఎన్ని వందల ఏళ్ళనుంచీ ఎంతమంది ఉన్నారో, ఎన్ని బొమ్మలేశారో, ఎన్ని పాటలు కట్టారో, ఎవడికి తెలుసు! అందరికీ పని కావాలే, మనిషి అక్కర్లేదు. పాట మన నట్టింట్లోకి రావాలి, కట్టినవాడు మాత్రం గుమ్మం ఎక్కకూడదు. పోనీలే, ఇప్పుడు గొంతు చించుకుని ఏం లాభం. ఎక్కడున్నాను?

ఆఁ, అన్నయ్యకి జబ్బు చేసింది. రంగుపొడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయి. వాళ్ళన్న వచ్చి తీసుకుపోయాడు. దర్జీ చూడ్డానికి వెళ్తే వదినగారట, గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఎవరు మీరు?" అందిట. "కంపెనీలో దర్జీనండి." "మేమెవ్వరం బట్టలు కుట్టించుకోవడం లేదే!" తలుపేసేసింది. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ అదే. చివరికి ఆయన పోయిన సంగతి మేనేజరు రిహార్సలు మధ్యలో చెప్పాడు. "మంచి పనివాడు, పాపం. ఊఁ, కానివ్వండి." దర్జీ నా జాకెట్టుకి హుక్కులు కుడుతున్నాడు. కుడుతూనే ఉన్నాడు. ఓదార్చడానికి ఒక్కరికీ నోరు రాలేదే. ఓదారిస్తే, ఎందుకు ఓదారుస్తున్నామో చెప్పినట్టే కదా.

ఇంకోటి చెప్పాలి నీకు. తెరంటే కలకాలం ఉండేది కాదు. జిగురు కలిపిన రంగులవి, నీళ్ళు తగిలితే కరిగిపోతాయి. కొత్త నాటకం అనుకోగానే పాత తెరని తొట్టిలో నానేసి, బొమ్మ పోగొట్టి, అదే గుడ్డ మీద మళ్ళీ వేయించేవారు. అన్నయ్య వేసినవన్నీ అలా పోయినవే. మిగిలింది ఈ గది ఒక్కటీ. మళ్ళీ కొత్త నాటకం మాట వినబడగానే దర్జీ హడలిపోయి మేనేజరు దగ్గరికెళ్ళాడు. "సార్, ఆ గది తెర నాకిప్పించండి. బదులు కొత్త గుడ్డ నేనే కుట్టిస్తాను." మేనేజరు చెడ్డవాడు కాడు, అదే నా ఏడుపు. "దానికేం భాగ్యమయ్యా! రేపు పట్టుకెళ్ళు" అన్నాడు. ఎందుకని అడగలేదు. ఈయన చెప్పలేదు. ఎలా చెబుతాడే, ఏమని చెబుతాడు?

మర్నాడు మేమంతా అక్కడే ఉన్నాం. మేనేజరు మొహం వెలిగిపోతోంది. చేతిలో తెల్లటి గుడ్డ, చక్కగా మడతపెట్టి. "ఇదిగోవయ్యా. ఆ రంగుతో నువ్వేం కుట్టుకుంటావు? అందుకే నలుగుర్ని పెట్టి బాగా ఉతికించాను. చూసుకో, ఒక్క మరక ఉంటే ఒట్టు."

దర్జీ రెండు చేతులా అందుకున్నాడే. ఒక మడత విప్పాడు. ఇంకో మడత విప్పాడు. "చాలా శ్రమ తీసుకున్నారు సార్" అన్నాడు. అంతే. ఏడవడానిక్కూడా వంక లేదే ఆ మనిషికి! పెళ్ళాం పోతే ఏడవచ్చు, అన్న పోతే ఏడవచ్చు. గుడ్డ శుభ్రంగా ఉతికిచ్చారని ఏడుస్తారుటే ఎవరైనా?

ఏం లేదు. ఏం లేదన్నాగా. స్టవ్ మీద పాలు పొంగుతున్నట్టున్నాయి, వెళ్ళి చూడు.