గుండె బొమ్మ ప్యాకెట్

"అవ్వా, నాయిన కొవ్వు గోలీలు బంద్ వెట్టిండే. నెయ్యి మానేసిన గద, ఇగ గోలీ ఎందుకంటుండు. నువ్వన్న జెర చెప్పు."

బంద్ వెట్టిండా? ఎన్నొద్దులాయె? పదొద్దులా? సూడు, నాకు ఎవ్వలన్న చెప్పిండ్రా ఇంట్ల? కూసో బిడ్డా, గా పీట గుంజుకో. నీకొక ముచ్చట చెప్త. మీ నాయినకు సుత ఎర్కలేదు ఇది.

మీ తాత యాదికున్నడా నీకు? కాల్వ కింద మన పొలం ఆయనే దున్నుతుండె. పొద్దుగాల జొన్నరొట్టె మీద నెయ్యి వోసుకొని తిని పోతుండె. రెండు బర్లుండె మనకు, ఒకటి జుక్కల్ల కొన్నం. కాదు కాదు, బిచ్కుంద అంగట్ల. నేను నెయ్యి కాగవెడితే గల్లీ అంత వాసనొస్తుండె, అట్లుండె.

ఒకపారి నాట్లప్పుడు ఆయనకు రొమ్ముల నొప్పి లేసింది. నిజామాబాద్ తీస్కపోయినం. డాక్టర్ సారు రక్తం సూసి, కొవ్వు ఎక్కువుంది, నెయ్యి తగ్గియ్యాలె, నూనె తగ్గియ్యాలె, గీ గోలీ రోజొకటి బువ్వ తిన్నంక ఎయ్యాలె అన్నడు. నా నెయ్యిని గట్లంటడా అని నాకు మస్తు కోపమొచ్చింది. మొఖం మీదనే అడిగిన. మా మామ ముసలోడయ్యేదాంక నెయ్యి తాగిండు సారూ, ఆయనకేం కాలే, గదేంది అని. సారు నవ్వి, "మీ మామ నసీబు మీ ఆయనకు రాలేదమ్మా" అన్నడు.

సరే అని నెయ్యి బంద్ చేసిన. అప్పుడే కొత్తగ నూనె ప్యాకెట్లు వస్తున్నయి. కిరాణం సేటు ఒకటి చేతుల వెట్టిండు. పల్లినూనె కంటే పిరమే, పైసలెక్కువ. దాని మీద ఎర్రగ గుండె బొమ్మ ఉంది. నాకు సదువు రాదు, గని బొమ్మ సూడ రాదా? పురుగుల మందు డబ్బ మీద పుర్రె బొమ్మ ఉంటది, గది సూసే గద మనం పిల్లలను దగ్గరికి రానియ్యం. గట్లనే గుండె బొమ్మ ఉంటే గుండెకు మందే అనుకున్న. మందైనంక ఇగ పిసినారితనం ఎందుకు? సర్వపిండి నూనెల మునగాలె, వంకాయ కూర మీద నూనె తేలాలె. రోజు గారెలే. మీ తాత ఖుష్. నేను ఇంక ఖుష్.

ఒకనాడు ఆయన, గోలీతోని కడుపుల మంట లేస్తుందే అన్నడు. మందు కూరల పోస్తనే ఉన్న గద, ఇగ గోలీ ఎందుకు అన్న. ఆయన కాదు బిడ్డా, నేనన్న. గోలీలు తీసి అటుక మీద వెట్టింది సుత నేనే.

వరి కోతలప్పుడు గట్టు మీద కూలవడ్డడు.

దవాఖానల సారు, ఏం తింటుండని అడిగిండు. నేను ధైర్నంగ సంచిలకెళ్లి ప్యాకెట్ తీసి సూపిచ్చిన. సారు దాన్ని సూసిండు, నన్ను సూసిండు. "నెయ్యి జాగల ఇది కొద్దిగ వాడితే మంచిదే. గని ఏ నూనైనా నూనెనే గద అమ్మా. గోలీ ఎవలు బంద్ చెయ్యుమన్నరు?" అన్నడు. నేనే సారూ అన్న. సారుకు చెప్పిన గని, మీ నాయినకు చెప్పలే. మీ నాయిన అప్పుడు బోధన్ల నౌకరి. ఉరికొచ్చి, ఏమైంది అమ్మా అంటే, మీ అయ్య నెయ్యి మానలేదురా అన్న. మంచం మీద మీ తాత ఇన్నడు. నా దిక్కు సూసి కండ్లు మూసుకున్నడు. గా చూపు నాకు ఇప్పటికీ పోతలేదు.

ప్రాణమైతే దక్కింది, గని మళ్ల నాగలి వట్టలే. పొలం కౌలుకిచ్చినం. అప్పటిసంది రోజు చెంబుల నీళ్లు వట్టుకొని నిలవడేదాన్ని, గోలీ మింగినంక నోరు తెరువుమని సూసేదాన్ని. మా ఆడిబిడ్డ వచ్చి, గోలీలు అలవాటైతయి వదినా, జిందగంత మింగాలె అన్నది. మింగుతడు, బువ్వ తింటలేమా జిందగంత, అన్న. ఏడేండ్లు బతికిండు. నిన్ను బడికి చెయ్యి వట్టుకొని తీస్కపోయింది గా ఏడేండ్లలనే. గోలీ ఇచ్చిందో దేవుడిచ్చిండో, ఇద్దరికీ దండమే.

ఇప్పుడు మీ నాయిన ఏమనుకుంటుండు? మా నాయినను నెయ్యి వడేసింది, నేను నెయ్యి మానేసిన, నాకేం ఫికర్ లేదు అనుకుంటుండు. గా మాట నేను చెప్పిందే గద. ఇన్నేండ్లు నెయ్యి మీద వెట్టి తప్పించుకున్న.

పో, పిలువు. ఇయ్యాల చెప్త. మీ అయ్యను వడేసింది నెయ్యి కాదురా, మీ అమ్మ అని చెప్త. కోపానికొస్తే రానీ, నేనేం భయపడ. నువ్వు నూరేండ్లు సల్లగుండాలె బిడ్డా, మంచిపని చేసినవ్ నాకు చెప్పి. పోయేటప్పుడు గా గోలీ డబ్బ, చెంబుల నీళ్లు ఇక్కడ వెట్టిపో. నన్ను తిట్టేటందుకన్న నోరు తెరుస్తడు గద, అప్పుడే ఏస్త.