పడవ ముక్కు మీద కొబ్బరికాయ

అదేంటండీ మావయ్యగారూ, ఒక్క కొబ్బరికాయకి బ్యాగు సర్దేసుకుంటారా?

చాల్లెండి, ఆ పంచె ఇలా ఇవ్వండి. ఇంకా తడి కూడా ఆరలేదు. తడి పంచె బ్యాగులో కుక్కుకుని నర్సరావుపేటలో దిగితే అత్తయ్యగారు ఏమనుకుంటారు? అల్లుడు తరిమేశాడనుకోరూ?

ఉండండి, తలుపు వేస్తాను. సంయుక్త వంటింట్లో ఉంది. తనకి వినపడకూడదని కాదు... సరే, వినపడకూడదనే.

కూర్చోండి. పొద్దున తను మిమ్మల్ని అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది. "పూజలేం వద్దంటే విన్నావా నాన్నా? ఎనిమిది నెలల కష్టానికి బొక్క పెట్టించావు!" అని, సెల్లారులో, వాచ్‌మన్ మొగిలీ ఎదురు ఫ్లాటు వాళ్ళూ వింటుండగా. కూతురే కదా అని మీరు మింగేశారు. నేనేం చేశాను? చేతిలో సగం కొబ్బరిచిప్ప పట్టుకుని, ప్రసాదం పంచడానికి వచ్చినవాడిలా నిలబడ్డాను. ఒక్క ముక్క మాట్లాడానా?

పడవ నీళ్ళలోకి దించాక కుంట గట్టు మీద కూర్చుని తిందామని చేసిన పులిహోర ఆఖరికి డైనింగ్ టేబుల్ దగ్గర తిన్నాం. మీరైతే ముట్టనే లేదు.

వినండి. ఆ పడవకి బొక్క పడటానికి కారణం మీరు కాదు. కాదంటే కాదు! మీకు అర్థం కావాలంటే మొదట్నుంచీ చెప్పాలి. నవ్వొస్తే నవ్వేయండి, నేనేం అనుకోను.

పద్దెనిమిదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ కదండీ. ఏం చేశావురా శ్యామూ అంటే చూపించడానికి ఒక్క వస్తువుందా? అమెరికా బ్యాంకు వాళ్ళకేదో చేస్తున్నానని మీకు చెప్పేవాణ్ణి, గుర్తుందా? మీరు కూడా ఊళ్ళో అందరికీ గొప్పగా చెప్పుకునేవారు. అది వాళ్ళు వాడనే లేదండి. రెండేళ్ళు మా టీమంతా కూర్చుని చేశాం. ఒక సోమవారం మెయిలొచ్చింది, పక్కన పెట్టేస్తున్నాం, అందరికీ థ్యాంక్స్ అని. అంతే.

ఆ వారమే కయాక్ వీడియోలు చూడటం మొదలెట్టాను. కయాక్ అంటే అదేనండి, ఒక్క మనిషి కూర్చునే సన్నటి పడవ. ఎవరో గడ్డమాయన, చుట్టూ కొండలు, మధ్యలో చెరువు. ప్లైవుడ్డు ముక్కలు కోసి, రాగితీగతో కుట్టి, అతుకుల మీద రెజిన్ జిగురు పూసి, పైన ఫైబర్ గుడ్డ అంటించి, దాన్లో కూర్చుని తెడ్డేసుకుంటూ వెళ్ళిపోయాడు. వీడియో మొత్తం పావుగంట కూడా లేదు. ఓస్, ఇంతే కదా అనుకున్నాను!

మొదటి రోజే తప్పు. ప్లాన్లు ఆఫీసు ప్రింటర్లో తీశాను. ఎవరైనా చూస్తారేమోనన్న హడావిడిలో, "పేజీకి సరిపెట్టు" అన్న చోట టిక్కు తీయడం మర్చిపోయాను. ప్రతి ముక్కా కొంచెం కొంచెం కుంచించుకుపోయింది. అన్నీ కోసి కుట్టాక గానీ తెలీలేదు. నా ఉద్యోగం ఏంటో తెలుసు కదా? టెస్టింగ్. ఇంకొకళ్ళ పనిలో తప్పులు పట్టినందుకు జీతం తీసుకుంటాను!

మా కారు చూశారుగా, ఆ రంగు కంపెనీ వేసింది కాదు, పావురాలు వేసింది. పార్కింగ్ స్లాటులో పడవ, రోడ్డు మీద కారు. పుప్పాలగూడ మొత్తంలో కారు బయట తడుస్తుంటే పడవని నీడపట్టున పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇంకోటి. నా గుండు గురించి మీకో మాట చెప్పాలి.

ఆ... తిరుపతి వెళ్ళలేదండి. పడవ కింద పడుకుని అతుక్కి రెజిన్ పూస్తుంటే జుట్టులోకి కారింది. చూసుకునేసరికి గట్టిపడి నెత్తి మీద రాయి. గుండు తప్ప దారి లేదన్నాడు మంగలి. ఆఫీసులో అడిగితే తిరుపతి అన్నాను. మీరు ఫోన్లో అడిగితే మీకూ అదే చెప్పాను. "ఇన్నాళ్ళకి బుద్ధి కలిగింది బాబూ" అని ఎంత మురిసిపోయారు! లడ్డూ ఏదంటే రద్దీగా ఉందన్నాను. దేవుడి పేరు మీద అబద్ధం. ఇప్పటికైనా అర్థమైందా, మీరు ఎలాంటివాణ్ణి చూసి పిల్లనిచ్చారో?

కానీ ఒకటి మాత్రం నిజం. బాగుండేదండి ఆ పని.

ఆఫీసు నుంచి వచ్చి, లుంగీ కట్టుకుని, గరుకు కాగితంతో రుద్దుతూ కూర్చునేవాణ్ణి. చేత్తో తడిమితే నిన్నటికంటే ఇవాళ నున్నగా ఉన్నట్టు తెలిసేది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ రోజూ నాకలా తెలీలేదు. నీహారిక పక్కనే స్టూలేసుకుని హోంవర్క్ చేసుకునేది. "ఎప్పుడైపోతుంది నాన్నా?" అనేది. "ఇంకా ఉందమ్మా" అనేవాణ్ణి. ఆ మాట అనడం ఎంత హాయిగా ఉండేదో మీకు చెప్పలేను.

పొద్దున జీపు తెచ్చాడు చూడండి, మధుకర్, మా టీమే, నార్సింగి కుర్రాడు. మొదటిసారి చూసినప్పుడు "ఏందన్నా గిది, పడవనా, పెట్టెనా?" అన్నాడు. వాళ్ళ మామ పొలంలో కుంట ఉంది, ఆడ దించుదాం అన్నదీ వాడే. "ఈతొచ్చు గదనే?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, "గోదావరోనివి, నీకేం ఫికర్!" అని వాడే జవాబు చెప్పేసుకున్నాడు.

ఆయ్, గోదావరోణ్ణే. రామచంద్రపురం. ఇంటి వెనకే కాలవ. మా నాయనమ్మ నన్ను ఆ గట్టెక్కనిస్తే కదా! నా ఈడువాళ్ళంతా వంతెన మీంచి దూకుతుంటే నేను అరుగు మీద కూర్చుని ఎక్కాలు చదివాను.

నాకు ఈత రాదండి.

అలా చూడకండి. పెళ్ళిచూపులప్పుడు మీరే అడిగారు, గోదావరి ఈదావా బాబూ అని. నేను నవ్వాను. అవునని మీరే అనుకున్నారు. సంయుక్త కూడా అదే అనుకుంది, ఇప్పటికీ అనుకుంటోంది. మోకాలు దాటి నీళ్ళొస్తే నాకు ఒళ్ళంతా చెమటలు పడతాయి. అలాంటివాణ్ణి పడవ చేస్తున్నానని ఆఫీసు మొత్తానికి ఫోటోలు పెట్టాను. బుద్ధుందా?

లైఫ్ జాకెట్ ఉంది కదా అంటారు. ఉంది. కానీ ఇది కూడా వినండి. పోయిన నెల, అంతా అయిపోయింది కదా, కూర్చుని చూద్దామని సెల్లారులోనే దాన్లోకి దిగాను. పేజీకి సరిపెట్టిన పడవ కదండీ, కూర్చునే కంత కూడా కుంచించుకుపోయింది. లోపలికి పోయాను, బయటికి రాలేను! మొగిలి ఒక చంక, మధుకర్ ఒక చంక పట్టుకుని లాగితే నేను బయటికొచ్చాను, నా లుంగీ లోపలే ఉండిపోయింది. వాళ్ళు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రోజు నుంచీ కళ్ళు మూసుకుంటే అదే. పడవ బోల్తా పడినట్టు, నేను దాన్లో ఇరుక్కుని తలకిందులుగా నీళ్ళలో ఉన్నట్టు. జాకెట్ పైకి లాగుతుంటే పడవ కిందికి పట్టేసినట్టు.

కంత కోసి పెద్దది చేయొచ్చు కదా అంటారా? చేయొచ్చు. ఒక పూట పని. చేసేస్తే ఇంక నాకు వంకేం మిగులుతుంది చెప్పండి?

నాకు భయంగా ఉందే అని సంయుక్తతో ఒక్క మాట అనుంటే అయిపోయేది. అనలేకపోయాను. మీరు కూడా పనిగట్టుకుని వచ్చారాయె, అల్లుడు చేసిన పడవ చూద్దామని. వస్తూనే పంచాంగం తీశారు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు కదా, బండి రోడ్డెక్కాలంటే పూజ జరగాల్సిందే అన్నారు. చక్రాల్లేని బండికి నిమ్మకాయలు దేనికింద పెడతావు నాన్నా అని సంయుక్త నవ్వితే, స్టాండు కాళ్ళ కింద పెట్టించారు. పసుపూ కుంకుమా మీ చేత్తో మీరే పెట్టారు. రాయి కూడా మీరే తెచ్చి వేశారు. ఎక్కడ? పడవ ముక్కుకి రెండు మూరల దూరంలో! "రాయి మీద కొట్టు బాబూ, నీళ్ళు నాలుగు చుక్కలు ముక్కు మీద చల్లుదాం" అన్నారు. ఇంతకంటే విడమర్చి ఎవరు చెప్తారండీ? మీ తప్పెక్కడుంది ఇందులో?

నీహారిక ముందే నిలబడింది, లైఫ్ జాకెట్‌తో. లేస్తూనే వేసుకుంది, పళ్ళు కూడా దాంతోనే తోముకుంది. మధుకర్ జీపు మీద తాళ్ళు సర్దుతున్నాడు. అందరూ నా వంకే చూస్తున్నారు. ఇంకో గంటలో కుంట.

చెయ్యెత్తాను. తర్వాత జరిగింది చూశారుగా. చెయ్యి జారిందన్నారు అందరూ. అవును, తడిగా ఉంది, జారింది అన్నాను నేను.

జారలేదండి.

తిప్పాను. రాయి మీదకి వెళ్ళాల్సిన చేతిని పక్కకి తిప్పి, నా పడవ ముక్కు మీద నేనే కొట్టాను. గట్టిగా. ఎనిమిది నెలలు రుద్దిన చెక్క, అది ఎక్కడ పల్చగా ఉందో నాకు తెలీదూ? సరిగ్గా అక్కడే కొట్టాను.

పిల్లకి ఏమైనా అవుతుందని భయపడ్డాడు పాపం అనుకుంటున్నారేమో. తలూపకండి! బాత్‌రూంలో అద్దం ముందు నేనూ అదే చెప్పుకున్నాను. పిల్లకి ఈతొచ్చండి. క్లబ్‌హౌస్ పూల్‌లో చేపలా తిరుగుతుంది. ఆ కంతలోంచి అది ఇట్టే బయటికొస్తుంది. భయం నాకు. నా ప్రాణం మీద నాకున్న తీపి అది.

అదొక్కటే కూడా కాదు. నీళ్ళలోకి దించితే పడవ సంగతి ఏంటో తెలిసిపోతుంది. బాగుంటే బాగుంది, మునిగితే మునిగింది, ఏదైనా అక్కడితో అయిపోయినట్టే. బొక్క పడిందనుకోండి, మళ్ళీ రెజిన్, మళ్ళీ గుడ్డ, మళ్ళీ గరుకు కాగితం. మళ్ళీ "ఇంకా ఉందమ్మా" అనొచ్చు. చెక్క విరిగిన చప్పుడు వినగానే నాకెలా ఉందో తెలుసా? హమ్మయ్య అనిపించింది. పిల్ల ఏడుస్తుంటే నాకు హమ్మయ్య!

అప్పుడే సంయుక్త మీ మీద పడింది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. అదీ సంగతి. ఇప్పుడు తిట్టండి, పడతాను.

ఏంటీ?

చూశారా?

చెయ్యి తిరగడం చూశారా మీరు?

అవున్లెండి. ముప్పై ఏళ్ళు లైసెన్సుకొచ్చినవాళ్ళ పక్క సీట్లో కూర్చున్న మనిషి. మా నాన్న మొహాలు చూడడు, చేతులే చూస్తాడని సంయుక్త చెప్తుంటుంది. బండి ఆగిపోయిందో, వాడే భయపడి ఆపేశాడో మీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది!

మరి పొద్దున్నుంచీ ఆ తిట్లన్నీ ఎందుకు పడ్డారండీ? ఈ బ్యాగెందుకు? నా మొహం చూడబుద్ధి కాకా?

కాదా? మరి?

...ఓహో.

ఇక్కడే ఉంటే సంయుక్త మళ్ళీ అడుగుతుంది. అడిగితే కూతురితో మీరు అబద్ధం ఆడలేరు. నిజం చెప్తే అల్లుడి పరువు పోతుంది. అందుకని తడి పంచె కుక్కుకుని బస్సెక్కేస్తారు. అంతేనా?

నేను మిమ్మల్ని ఓదార్చడానికి వచ్చానండి! పాపం పెద్దాయన, తన వల్లే అనుకుని కుమిలిపోతున్నాడు, నాలుగు మాటలు చెప్పి నవ్విద్దాం అనుకుని వచ్చాను. మీరేమో అన్నీ తెలిసి, నాకోసం వాచ్‌మన్ ముందు తలొంచుకుని నిలబడ్డారు. సిగ్గేస్తోందండి. ఒట్టు, మీ మొహంలోకి చూడలేకపోతున్నాను.

ఆ బ్యాగు నాకివ్వండి. మీరెక్కడికీ వెళ్ళడం లేదు. బొక్క పూడ్చడం రెండు రోజుల పని. కంత కూడా కోస్తాను. వచ్చే ఆదివారం ముందు నీహారికే కూర్చుంటుంది. నేను మోకాలి లోతు దాకా వచ్చి తాడు పట్టుకుంటాను. అంతకంటే నావల్ల కాదు, ఎవరు నవ్వినా సరే. కొబ్బరికాయ మాత్రం ఈసారి మీరే కొట్టాలి.

సంయుక్తా! ఓసారి ఇలా వస్తావా? ఏం లేదు, కొబ్బరికాయ సంగతి... నువ్వు రా, చెప్తాను.

ఈత సంగతి కూడా ఇప్పుడే చెప్పేయాలంటారా? రెండూ కలిపా? సరే, మీ ఇష్టం.

వస్తోంది. మీరు ఇలా నా పక్కన కూర్చోండి మావయ్యగారూ. ఏం మాట్లాడక్కర్లేదు. నా చేతుల వంక మాత్రం చూడకండి.