బస్టాపులో బల్ల

దీవిలో సునామీ వచ్చి రెండేళ్లయింది. కొండమీద కట్టబోయే కొత్త కాలనీ నక్షాను ఇంజనీరు బండమీద పరిచాడు. చేపల తట్ట దించి గురమ్మ వంగి చూసింది.

"ఈ గీతేటి బాబూ?"

"జెట్టీకి నడకదారి దీదీ. ఈ చివర బస్టాపు. బస్సులో మీ తట్టలకీ జాగా అడిగాం."

"మరి కూకునే బల్ల ఎటేపుంటాది?"

"రోడ్డువైపే. బస్సు కనబడాలి కదా!"

"సముద్రం ఏపు తిప్పు బాబూ. ఒడ్డునుంటే దూరాన్నుంచే మా పడవని పోల్చుకుని, తట్టట్టుకుని ఎదురెల్లేవోళ్లం."

అతను నవ్వి, బల్లను చెరిపి, సముద్రం వైపు గీశాడు.

"మీ పడవ ఏ రంగు దీదీ?"

"పచ్చ. ముక్కుకి పసుపు రాసుంటాది."

"ఈవేళ ఎప్పుడెళ్లింది?"

గురమ్మ కాగితం మీది బల్లనే చూస్తోంది.

"సునామీ నాడు పొద్దున్నే ఎల్లింది బాబూ."