పద్దెనిమిదేళ్ళ తేడా

హలో… ఆ, నేనే. పిల్లల వినికిడి ఆపరేషన్ల ఫారం తయారుచేసింది నేనే. చెప్పండి.

…హెల్ప్‌లైన్ వాళ్ళు నాకు కలిపారా. కలుపుతారు. ఆఖరి రోజు కదా, పొద్దున్నుంచి ఇది ముప్పై ఎనిమిదో ఫోను. తల ప్రాణం తోకకొచ్చింది… అయ్యో, విసుగు మీ మీద కాదు. చెప్పండి.

…పదకొండుసార్లు నింపారా.

…'పంపండి' అని నొక్కితే ఎర్రగా వస్తోంది — ఏమని?

…'సరైన వివరాలు ఇవ్వండి.' ఆ. ఏ వివరమో చెప్పదు, తెలుసు. అందులో పద్నాలుగు నియమాలు రాశాను. ఏది తప్పినా బటన్ పనిచేయదు. పద్నాలుగింటికీ ఒకటే వాక్యం పెట్టి ఊరుకున్నాను. ఒక్కోదానికి ఒక్కో మాట రాసే ఓపిక ఆ రోజు లేకపోయింది.

…ఐదింటికి మూసేస్తారు, అవును. ఇప్పుడు నాలుగుంపావు. కంగారు పడకండి, ఒక్కోటీ చూద్దాం. ఫోన్ నంబరు మధ్యలో ఖాళీ వదిలారా?

…తీసేయండి. ఇప్పుడు?

…ఇంకా ఎరుపేనా. డాక్టరు చీటీ నంబరు పది అంకెలుండాలి. లెక్కపెట్టండి, నేను లైన్లోనే ఉంటాను.

…పదీ ఉన్నాయి. సరే. పాప వయసు?

…పదేళ్ళు. వచ్చే నెల పదకొండు నిండుతాయా?

…ఆ. పదకొండు దాటితే ఈ జాబితాలో తీసుకోరు. అంటే మీకు వచ్చే ఏడాది అనేది లేదు.

…లేదు లేదు, నేను వింటున్నాను. సంరక్షకుల పుట్టిన తేదీ అన్నచోట ఎవరిది వేశారు, మీదేనా? మీకెన్నేళ్ళు?

…ఇరవై అయిదా?

…మీరు పాప నాన్న కారా.

…అన్నయ్య.

…మరి అమ్మా నాన్నా —

…ఇద్దరూనా.

…

…మీ ఇద్దరి తేదీలూ లెక్కేస్తున్నాను. ఒక్క నిమిషం ఆగు తమ్ముడూ. అలా పిలవొచ్చుగా?

ఎక్కడ ఆగిందో తెలిసింది. నువ్వు తప్పేం కొట్టలేదు. పిల్లకీ పెద్దకీ పద్దెనిమిదేళ్ళ తేడా ఉండాలని ఒక నియమం పెట్టాను. పోయినేడాది ఫారంలో తండ్రి గడిలో ఎవరో పిల్లాడి తేదీయే మళ్ళీ కొట్టారని ఆఫీసులో మా పెద్దాయన చిరాకు పడితే, అప్పుడు పెట్టాను. పాపకి పదకొండు కావస్తున్నాయి కాబట్టి మీ ఇద్దరికీ పద్నాలుగే.

…పరీక్షించకుండా ఎలా ఉంటాను. మా ఇంటి వివరాలతోనే పరీక్షిస్తాను, ప్రతి ఫారం. నా తేదీ, మా అమ్మాయి తేదీ. మాకు ఇరవై తొమ్మిదేళ్ళ తేడా. ప్రతిసారీ గడప దాటినట్టు దాటేసింది. అన్నయ్య పెంచే పిల్ల మా ఇంట్లో లేదు. నాకు తట్టలేదు.

…వద్దు. నీ వయసు నాలుగేళ్ళు పెంచి వేస్తే ఇక్కడ తీసుకుంటుంది. రేపు గుర్తింపు కార్డుతో పోల్చినప్పుడు తేడా వచ్చి తీసేస్తారు. ఆ పోల్చే ప్రోగ్రామూ నేను రాసిందే.

…మా పెద్దాయన ఒప్పుకోకుండా ఆఖరి రోజు ఏదీ మార్చకూడదు. మీటింగులో ఉన్నారు. రెండుసార్లు చేశాను ఇందాక వేరే పని మీద, ఎత్తలేదు.

…

…ఏడవకు. చెల్లి పక్కనే ఉందా?

…నీ పెదాలు చూస్తోందా. అయితే అటు తిరుగు కాసేపు.

ఆగు. ఆ నియమం ప్రోగ్రాములో ఒక్క లైనే. తీసేస్తున్నాను.

…ఏమవుతుందో తర్వాత చూసుకుందాం. అయిదు నిమిషాలు పడుతుంది అందరికీ మారడానికి. ఈలోగా పాత పేజీ మూసెయ్.

…ఆ, నింపినవన్నీ పోతాయి. మళ్ళీ మొదట్నుంచి కొట్టాలి. పన్నెండోసారి. నేనూ చదువుతూ ఉంటాను, కొట్టు.

…పేరు. ఆ. చీటీ నంబరు. నెమ్మదిగా. తేదీ… నీది, నిజమైనదే వెయ్. ఇరవై అయిదేళ్ళదే.

…నొక్కు.

…

…ఎరుపు రాలేదా?

…పచ్చగా వచ్చిందా. కింద నంబరు ఉంటుంది, కాగితం మీద రాసుకో. ఫోన్లో కాదు, కాగితం మీద.

…నాకు థాంక్స్ ఎందుకు తమ్ముడూ. అలా అనకు, సిగ్గుగా ఉంది. ఈ ఫారం మూడు వారాలుగా నడుస్తోంది. ఒక్క తప్పు దరఖాస్తు రాలేదని మా పెద్దాయన అందరి ముందూ మెచ్చుకున్నారు నన్ను. ఎర్ర అక్షరాల దగ్గర ఆగిపోయినవాళ్ళు మాకు కనబడరు. పంపితేనే కనబడతారు. నీలాంటి అన్నలు, అక్కలు ఎంతమంది పదకొండుసార్లు కొట్టి, తమదే తప్పనుకుని మానేశారో. నాదాకా ఫోన్ చేసి ఇది బయటపెట్టింది నువ్వొక్కడివే.

…పావుగంట ఉంది. వాళ్ళకి ఎలా చెప్పను? ఎవరో కూడా తెలీదు.

…చెల్లికి చెప్పావా? ఏమంటోంది?

…మళ్ళీ చెప్పమంటోందా. ఇటు తిరిగి నెమ్మదిగా చెప్పు, పెదాలు కనబడేలా.

ఇంకో ఫోన్ వస్తోంది నాకు. మా పెద్దాయనే, ఫారం మారినట్టు ఆయనకి మెసేజీ వెళ్ళుంటుంది. ఉంటాను మరి.

…

హలో… ఆ సర్, నేనే.

…అవును సర్. ఆ నియమం నేనే తీసేశాను. మీరు ఇంకో రెండు రోజులు గడువు ఇప్పించాలి —