ఒక్క గంటకు ఆగిన హమీద్

ఎవలన్నరు మీ తాత భయపడి వాపసొచ్చిండని? జగదీశ్వరా? ఆడు ఆనాడు అక్కడ లేనే లేడు. బస్టాండుల కూసోని చూడనియి చూసినట్టు జెప్పుడే ఆని పని. నువ్వు గా బండి నీడకు వెట్టి ఇట్ల కూసో అర్సలాన్. ఆ కుర్చీ కాలు ఇరిగింది, గోడకు ఆన్చుకో. ఆఁ, గట్ల. మీ తాత హమీద్ ఆ మోటరుసైకిళ్ల పోటీల ఎందుకు ఉరకలేదో ఎరికైనోళ్లం ఇద్దరమే, నేనూ కిషనూ. కిషన్ పోయిండు. నేను జెప్త గని నడుమ నడుమ అడగకు, అడిగితే తొవ్వ తప్పుత.

మీ తాత పాత ఇనుము అమ్మే గుజిరి దుకాణంల మూడు పాత మోటరుసైకిళ్లు కొని, మూడింట్ల నుంచి ఒకటి జేసిండు. పదేండ్లు వట్టింది. మీ దాదీ ఖాతూన్ బియ్యం చెరిగితే రాళ్లకు బదులు నట్లు ఎల్లేటియి. ఆఖరికి హైదరాబాదు అవుతల పాత విమానాల రన్‌వే మీద పోటీ వెడుతున్నరని పేపర్ల వచ్చింది. నేనే సదివిన. నాది రాత్రిబడి సదువు, ఒక్కో అక్షరం వట్టుకొని సదివేసరికి తారీఖు దగ్గరికొచ్చింది. అప్పుడు మీ దాదీ ఒక్కటే మాట అన్నది, ఆదివారం నాడు ఈ బండి పోటీల ఉరికితే సరే, లేకుంటే మళ్ల గుజిరికే పోతదని. ఆమె అన్నదంటే అన్నట్టే. మీ తాతకు నలభై ఆరేండ్లు, ఇంకో పోటీ ఎప్పుడొస్తది? పదేండ్ల కష్టం ఆ ఒక్క ఆదివారం మీద వడ్డది. నేను, మీ తాత, కిషన్ లారీల బండి ఏసుకొని పోయినం. కిషన్ మా బొగ్గు బావిల టబ్బులు తోసేటోడు, బండి స్టార్టు గాకపోతే తోస్తడని పట్టుకపోయినం. అక్కడ బల్ల కాడ కూసున్న సారు మీ టీము పేరేందన్నడు. మాకెక్కడి పేరు. ముగ్గురిదీ ఒకటే షిఫ్టు గదా, మీ తాత 'సెకండ్ షిఫ్టు' అన్నడు, ఆయన రాసుకున్నడు. హెల్మెట్ ఏదన్నడు. మీ తాత మన బావి టోపీ దీసి వెట్టుకున్నడు, ముంగట లైటు తగిలిచ్చే కొక్కెంతోని. ఆ సారు మొకం జూడాలె. పక్క టీమోళ్లు పాపం ఒకటి ఇచ్చిర్రు గని అది గంగాళమంత ఉన్నది, అండ్ల కిషన్ తువ్వాల కుక్కినం.

కాయిదం గూడ నేనే సదివిన. ఆదివారం పోటీల నిలవడాలంటే ముందు ప్రాక్టీసుల ఐదు చుట్లు ఆగకుంట, ఆళ్లు జెప్పిన టైముల తిరగాలె. ప్రాక్టీసులు మూడు, శుక్రారం సాయంత్రం ఒకటి, శనారం పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మూడింట్ల ఒక్కటన్న అందితే పేరు బోర్డు మీదికెక్కుతది. శుక్రారం నాడు మీ తాత నాలుగు చుట్లు ఏం తిరిగిండు అర్సలాన్. కొత్త బండ్లోళ్లను ఇద్దరిని దాటిండు. అప్పుడు గీత కాడ నిలవడ్డోడు ఏలాడగట్టిన ఇనుప గంటను ఒక్కటి గొట్టిండు. ఇంకొక్క చుట్టే ఉన్నదని గుర్తు. మీ తాత టక్కున బ్రేకు దొక్కి, రెండు కాళ్లు కింద వెట్టి, ఆడికాడికి ఆగిండు. ఎనుకొచ్చేటోళ్లు అటొకడు ఇటొకడు తప్పుకుంట తిట్లు. సారు ఉరికొచ్చి ఇంజను పోయిందా అని అడిగితే మీ తాత నిమ్మళంగ 'గంట గొట్టిర్రు గదా' అన్నడు. ఆయన్ని ఏమంటం, నేను జూసుకుంటే నేనూ కట్టె లెక్క నిలవడ్డ. కిషన్ నీళ్లు తాగుతున్నోడు సీసా లేపినోడు లేపినట్టే ఉన్నడు, నీళ్లు మెడ పొంటి కారుతున్నయి.

నీకెట్ల ఎరుక తియ్యి, నువ్వు బావి దిగలే. మీ తాత హాలేజీ ఇంజను నడిపేటోడు. బొగ్గు టబ్బులను ఇనుప తాడుతోని ఏటవాలు తొవ్వల గుంజే ఇంజను అది. పైన ఇంజను కాడ ఆయన, కింద టబ్బుల కాడ నేను. నేనాయనకు కండ్లవడ, ఆయన నాకు కండ్లవడడు. నడుమ ఒక తీగ. నేను కింద తీగ గుంజితే పైన గంట మోగుతది. ఒక్క గంటంటే ఆపు. ఎందుకు, ఏంది అని అడుగుడు లేదు, అడిగేలోపల కిందోని కాలు పోతది. పద్దెనిమిదేండ్లు గట్ల జేసినోడు. గంట చెవులకు రాకముందే చెయ్యి ఆపేస్తది.

శనారం పొద్దున చెవులల్ల దూది వెట్టినం. అది నా తెలివే, ఒప్పుకుంట. గంట ఇనవడలే, నిజమే, గని ఇంజను గూడ ఇనవడలే. మీ తాత గేరు మార్చుడు మోత ఇనుకుంటనే. మోతే లేకపాయె, చుట్లన్ని రెండో గేరుల్నే తిరిగిండు. బండి పొగ కక్కుతున్నది, మైకుల 'సెకండ్ షిఫ్టు ఇంకా వస్తున్నది' అంటున్నడు. అందరు లోపలికొచ్చినంక గూడ ఈయన తిరుగుతనే ఉన్నడు. ఒకడు జెండా వట్టుకొని అడ్డమురికితే సలాం వెట్టుకుంట పోయిండు. టైము అందలే.

ఇగ మిగిలింది ఒక్కటే ప్రాక్టీసు. నాకు పట్టుదల ఎక్కింది. తిన్న ఇత్తడి పళ్లెం కడిగి, గరిటె వట్టుకొని, డేరా ఎనుక మీ తాతను నడవమన్న. నేను ఒక్కటి గొడుత, నువ్వు ఆగకుంట పోవాలె అన్న. కొట్టిన, ఆగిండు. కొట్టిన, ఆగిండు. నడువు హమీదన్నా నీకు దండం వెడుత అని తిట్టిన, బతిలాడిన. పక్క టీమోళ్లు ఇదేదో పూజ అనుకొని చెప్పులు ఇడిసి నిలవడ్డరు. నాలుగు గొట్టంగ ఒక్క అడుగు ఎక్కువేసిండు. ఇగ దొరికిండన్న. పొద్దు వాలేసరికి నేను ఎంత గొట్టినా పోతనే ఉన్నడు. మా రాత్రిబడి పంతులుకు నేను పేరు రాసిన్నాడు గూడ గంత సంబురం అయిందో లేదో.

సాయంత్రం గంట మోగింది. మీ తాత తల వంచి పోయిండు. ఐదు చుట్లు తిరిగిండు, టైము అందింది. బోర్డు మీద పన్నెండు పేర్లల్ల పదకొండోది సెకండ్ షిఫ్టు. నేను ఒక్కో అక్షరం ఏలు వెట్టి సదివిన. కిషన్ చిందులు. మీ తాతను జూస్తే బండి పక్కన కింద కూసున్నడు, హెల్మెట్ గూడ తియ్యలే.

'నర్సింగం, గంట ఇనవడ్డది. చెయ్యి ఆగలే' అన్నడు.

అదే గదన్నా మనకు గావల్సింది అన్న.

'సోమవారం డ్యూటీల కింద ఎవలుంటరు?'

నేనే అన్న. అన్నంక నాకు గూడ సమజైంది. గని నేను మొండోన్ని గదా, ఒప్పుకోలే. నా పానం నా ఇష్టం, పోతే పోనీ, నువ్వు రేపు ఉరుకు అన్న.

'డ్యూటీల ఉన్నంతసేపు నీ పానం నీది గాదు, నాది. పళ్లెం తీస్కరా' అన్నడు.

ఆదివారం పొద్దున అందరు బండ్లు గీత మీద నిలవెడుతుంటే మేము డేరా ఎనుకున్నం. మైకుల సెకండ్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు అని మూడుసార్లు పిలిచిర్రు. నేను పళ్లెం గొడుతున్న, మీ తాత నడుస్తున్నడు. మొదాలు కొట్టినంక నాలుగడుగులు పోయి ఆగిండు. అటెన్క మూడు. నేను కోపంతోని గొడుతుంటే గరిటె వంగింది. అవుతల పోటీ షురువైంది, బండ్ల మోతకు డేరా అదురుతున్నది. కిషన్ మా బండి మీద దుప్పటి కప్పి దాని పక్కన్నే కూసోని ఏడుస్తున్నడు. రెండడుగులకొచ్చిండు. ఒకటికొచ్చిండు. అయినా నమ్మకం లేదు మీ తాతకు. ఇగ చాలు, నువ్వు కొడుతవని ఎరికే గదా నాకు అని పళ్లెం కింద వెట్టిపిచ్చిండు. కంచె దిక్కు నడుస్తున్నడు, పోటీ జూద్దామని. నేను ఎనుకనే. సగం తొవ్వల ఉన్నం, ఇంకొక్క చుట్టే మిగిలినట్టున్నది, గీత కాడ గంట మోగింది. మీ తాత ఒక కాలు లేపి, లేపినకాడ్నే ఆగిండు. గట్ల ఒంటికాలి మీద నిలవడి, నా దిక్కు మర్రి నవ్విండు. మూడు దినాలల్ల అదే మొదటిసారి నవ్వుడు. నేను...

చాయ్ సల్లారింది, తాగు. మీ అమ్మ షబీనాకు మోకాళ్ల నొప్పులు తగ్గినయా?